ఆదివారం మిద్దె మీద గామా కిరణాల కబుర్లు

మన బ్యాచ్‌లో వెనక బెంచీలో కూర్చుని రేడియోలు విప్పేసేవాడు గుర్తున్నాడా, వాడు పండక్కి కావలి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా గామా కిరణాల డిటెక్టర్లే వాడి లోకం. నాకర్థమైనంత చెప్తాను: అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణం (కంటికి కనబడని, మహా శక్తిమంతమైన కాంతి) నేల దాకా రాదు, పైన గాలిని గుద్దుకుని కణాల జల్లు కురిపిస్తుంది, ఆ జల్లు వల్ల ఒక నీలి మెరుపు పుట్టి కొన్ని నానోసెకన్లలోనే మాయమైపోతుంది, వీళ్ల పనల్లా దాన్ని పట్టుకోవడమే. లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర సుమారు 4,270 మీటర్ల ఎత్తులో ఉన్న, ఈ మెరుపుల్ని పట్టే మేస్ టెలిస్కోప్ చూసొచ్చాడట. అద్దం వెడల్పు 21 మీటర్లు, కెమెరాలో మసక వెలుగునూ పసిగట్టే ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు 1,088! నిండు వెన్నెల ఉంటే పని సాగదట, మనకేమో వెన్నెల్లోనే మిద్దె ఎక్కాలనిపిస్తుంది.

2015 సెప్టెంబర్ 28న మన పక్కనున్న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో కూడా గామా విస్ఫోటాల్ని (దూరపు అంతరిక్షంలో ఉన్నట్టుండి మెరిసే గామా కిరణాల పేలుళ్లని) పట్టే డిటెక్టర్ ఉంది. ఆ రోజు మనం పొగచార చూసి దిగొచ్చేశాం, లోపల ఏముందో ఎవరడిగారు?

ఆదివారం సాయంత్రం 5కి మా ఇంటికి రండి, పిల్లల్నీ తీసుకురండి. ఎవరెవరు వస్తున్నారో శుక్రవారంలోగా చెప్పండి, నెల్లూరు నుంచి మలైకాజా తెప్పించాలి.