ఖలీ పేరుతో వేళాకోళమా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రెజ్లర్ గ్రేట్ ఖలీ మీద అరపేజీ వేశారు. అదే రోజు ఉత్తరం రాద్దామని కూర్చుని, కోపంలో రాస్తే మీరు వేయరేమోనని ఆగాను. వారం కావస్తున్నా కోపం తగ్గలేదు కనుక రాస్తున్నాను.

ముందు ఆ హెడ్డింగు సంగతి. ఆయన పేరును ‘ఖాళీ’గా మార్చి, ఒళ్లు పెరిగింది గానీ బుర్ర ఖాళీ అనే అర్థం వచ్చేలా పెట్టారు. ఖలీ అన్నది కాళికాదేవి పేరు మీద పెట్టుకున్న పేరు. అసలు పేరు దలీప్ సింగ్ రాణా, ఊరు హిమాచల్ ప్రదేశ్ సిర్మౌర్ జిల్లాలోని ధిరైనా. అరపేజీలో ఇవేవీ లేవు. ఏడడుగుల ఒక అంగుళం అని మాత్రం నాలుగు చోట్ల ఉంది.

ఎత్తు ఉంది కాబట్టి పైకొచ్చాడని మీ విలేకరి తేల్చేశారు. అదే ఎత్తుతో ఆయన కూలి పని చేశాడు, సిమ్లాలో సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డాడు. అప్పుడు ఎవరూ పైకి తీసుకురాలేదు. 1993లో పంజాబ్ పోలీసులో ఉద్యోగం వచ్చింది. 2000లో అమెరికాలో మొదటిసారి రింగులోకి దిగేనాటికి వయసు 28. అక్కడినుంచి జపాన్ వెళ్లి ఆడాడు. అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలోకి వచ్చింది 2006లో. మరుసటి ఏడాది జులైలో 20 మంది దిగిన పోటీలో చివరిదాకా నిలబడి వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ పట్టాడు. మనదేశం వాడికి ఆ టైటిల్ రావడం అదే మొదలు.

ఇక ఈ రెజ్లింగ్ అంతా నాటకం అని మీ విలేకరి అన్న మాట. ఫలితం ముందే అనుకున్నదే, కాదనను. మన చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం భారతం పెట్టి చివరి రోజు దుర్యోధన వధ ఆడతారు. మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ చుట్టూ ఊరు ఊరంతా మూగుతుంది. చివరికి ఎవరు చస్తారో చంకలోని బిడ్డకు కూడా తెలుసు. అయినా ఆ ఎండలో గద మోస్తూ పరుగెత్తిన భీముడి వేషగాడి చెమట అబద్ధమని ఎవరైనా అంటారా? అంత బరువున్న మనిషిని చెక్కబల్ల మీద పడేస్తే నొప్పి నిజంగానే పుడుతుంది. చివరి ఏళ్లలో ఖలీ రింగులోకి నడిచివచ్చిన తీరు చూసినవాళ్లకు ఆయన మోకాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇవన్నీ మన్నించవచ్చు. ఆ ఎత్తు ఎందుకు వచ్చిందో ఒక్క ముక్క రాయకపోవడం మన్నించలేను.

నేను జిల్లా పరిషత్ పాఠశాలల్లో పీఈటీగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఖలీకి టైటిల్ వచ్చిన ఏడాది పిల్లలంతా జేబుల్లో రెజ్లింగ్ కార్డులు పెట్టుకుని, వాటి మీది ఎత్తు, బరువు పోల్చి ఆడుకునేవాళ్లు. ఖలీ కార్డు చేతిలో పడి ఎత్తు అడిగితే ఇక తిరుగులేదు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు అప్పటికే ఆరడుగులు దాటాడు. వాడికి ఖలీ అని పేరు పెట్టింది నేనే. వాలీబాల్ నెట్ దగ్గర నిలబెట్టాను. ఎదురుగా వచ్చిన బంతిని ఒక్కటీ వదిలేవాడు కాదు. పక్కనుంచి వచ్చిన బంతి మాత్రం భుజానికి తగిలేదాకా వాడికి తెలిసేది కాదు. ధ్యాస లేదురా నీకు అని గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టించాను. తలనొప్పి సార్ అనేవాడు, ఎండకు అనుకున్నాను. ఆర్నెల్లకే బూట్లు బిగుతై, తర్వాత బజారులో సైజే దొరక్క వట్టి కాళ్లతో ఆడాడు. మందుల షాపు బిళ్లలతో రెండేళ్లు గడిచాక వేలూరులో స్కాన్ తీస్తే మెదడు కింద, ఒంటి ఎదుగుదలను నడిపే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ. అది చూపు నరాన్ని నొక్కడం వల్ల వాడికి రెండు పక్కలా కనబడటం లేదట. ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీశారు.

ఖలీకి కూడా 2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో అదే గ్రంథిలో గడ్డకు ఆపరేషన్ జరిగింది. ఆయనకంటే ముందు ప్రపంచమంతా వింతగా చూసిన రెజ్లర్ ఆండ్రే ది జెయింట్‌దీ ఇదే జబ్బు. 46 ఏళ్లకే, 1993లో గుండె దెబ్బతిని పోయాడు. దీని పేరు ఆక్రోమెగలీ. ఎముకలు ఇంకా ఎదిగే వయసులోనే మొదలైతే మనిషి తాటిచెట్టులా సాగుతాడు. ఆ వయసు దాటాక వస్తే చేతులు, పాదాలు, దవడ పెరుగుతాయి. త్వరగా పట్టుకుంటే ఆపవచ్చు, పెరిగిన ఎత్తు మాత్రం వెనక్కి రాదు.

మన బడుల్లో ఆరోగ్య పరీక్షలని ఏటా వస్తారు. పిల్లల్ని గోడకు ఆనించి ఎత్తు కొలుస్తారు, రిజిస్టర్లో రాస్తారు, మూసేస్తారు. పోయినేడు ఎంత, ఈయేడు ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసే నాథుడు లేడు. చూడాల్సిన పీఈటీ పోస్టులు భర్తీ కావు. గ్రౌండ్లు ఎగ్జిబిషన్లకూ సభలకూ ఇచ్చేస్తారు, తర్వాత మేకులు ఏరుకునేది పిల్లలే. కోడి రామ్మూర్తి నాయుడి లాంటి మల్లుడు పుట్టిన తెలుగునాట వ్యాయామం ఈ గతికి వచ్చింది. అధికారులకు పట్టదు సరే, పత్రికకైనా పట్టవద్దా?

ఖలీ 2015లో జలంధర్‌లో రెజ్లింగ్ అకాడమీ పెట్టాడు. డబ్ల్యూడబ్ల్యూఈలోకి వెళ్లిన మొదటి భారతీయ మహిళ కవితా దేవి అక్కడ శిక్షణ తీసుకున్న అమ్మాయే. 2021లో ఖలీని డబ్ల్యూడబ్ల్యూఈ తన మేటి రెజ్లర్ల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. వీటికి మీ అరపేజీలో చోటు దొరకలేదు.

నా పాత విద్యార్థి ఇప్పుడు పెళ్లాం బిడ్డలతో బాగానే ఉన్నాడు. కొండకు వెళ్లినప్పుడల్లా అలిపిరి దగ్గర ఎవరో ఒకరు అడగకుండానే పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటారని చెబుతుంటాడు. ఆదివారం మధ్యాహ్నం మీ పేజీ ఫొటో తీసి నాకు పంపాడు. దాని కింద ఏమీ రాయలేదు.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఇలాంటి గ్రంథుల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. మీ విలేకరిని అక్కడికి పంపి డాక్టర్లతో మాట్లాడించండి. పిల్లలు ఉన్నట్టుండి పొడుగైపోతుంటే, తలనొప్పి అంటుంటే, పక్కచూపు తగ్గుతుంటే తల్లిదండ్రులు ఎవరి దగ్గరికి వెళ్లాలో అదే అనుబంధంలో, అదే అరపేజీ కొలతతో వేయండి. హెడ్డింగులో ఆయన పేరు పెట్టేట్టయితే ఈసారి ఖలీ అనే పెట్టండి.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, చిత్తూరు