సీమంతం చేసిన చేతులను కాన్పు గదిలోకి రానివ్వండి
(వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో ఆశా కార్యకర్తను. మా ఊరితో పాటు పక్కనున్న రెండు తండాలు కూడా నేనే చూస్తాను. గర్భిణి పేరు రాసుకున్న రోజు నుంచి బిడ్డకు తొమ్మిదో నెల సూది పడేదాకా ఆ ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటాను. ఇన్నేళ్లలో నా మనసులో ఉండిపోయిన ఒకే ఒక్క విషయం, కాన్పు గదిలో ఆడమనిషికి తోడు లేకపోవడం గురించి ఈ లేఖ రాస్తున్నాను.

మా అంగన్‌వాడీలో సీమంతాలు చేస్తాం. టీచరమ్మ, ఆయమ్మ, నేను, వాడకట్టు ఆడవాళ్లం అందరం చేరతాం. పసుపు కుంకుమ పెట్టి, చేతుల నిండా గాజులు తొడిగి, ఒళ్లో పండ్లు, కొబ్బరికాయ, రవిక గుడ్డ పెడతాం. పెద్దవాళ్లు పాట అందుకుంటారు. ఇద్దరు పిల్లలను కన్న ఆమె కూడా ఆ రోజు కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని కూర్చుంటుంది. మొగుడు హైదరాబాద్‌లో అడ్డా కూలికి పోయి, ఇంటి పనీ పొలం పనీ ఒక్కతే మోసుకొస్తున్న ఆడమనిషి ముఖంలో ఆ పూట కనిపించే వెలుగును మీరు ఒక్కసారి వచ్చి చూడాలి సార్.

నెలకో రెండు నెలలకో అదే మనిషిని ఆస్పత్రికి తీసుకుపోతాం. కాన్పు గది తలుపు దాకా నేను, వాళ్లమ్మ, అత్త తలో చెయ్యి వేసి నడిపిస్తాం. అక్కడ ఆమె గాజులు తీసి నా చేతిలో పెడతారు. తలుపు మూసుకుంటుంది. మేము తొడిగిన గాజులనే కొంగున ముడి వేసుకుని, ఆ రాత్రంతా బయట బల్ల మీద కూర్చుంటాను.

ఒకసారి తండా నుంచి తొలి కాన్పుకు ఒక పిల్లను తీసుకుపోయాను. ఏ ఆస్పత్రో చెప్పను, ఒకరి మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పిల్లకు తెలుగు బాగానే వచ్చు. కానీ నొప్పులు ఎక్కువయ్యాక నోట్లోంచి లంబాడీ మాటలే వచ్చాయి. "యాడీ, యాడీ" అని తల్లిని పిలుస్తూనే ఉంది. తల్లి తలుపు ఇవతలే ఉంది, చెక్క మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడింది. లోపల ఆ పిల్లను తిట్టిన మాటలు మాకు వినపడ్డాయి. అవి ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మంచానికి మంచానికి మధ్య తెర కూడా లేదని ఆమె తర్వాత చెప్పింది. తెల్లవారుజామున బిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నా రిజిస్టర్లో అది మంచి కాన్పు, నార్మల్ డెలివరీ.

రెండోసారి నెల తప్పాక ఆ పిల్ల నాతో అన్న మాట ఇది: "అక్కా, అప్పు తెచ్చుకుంట గాని మళ్ల ఆ గదిలకు పోను. ప్రైవేటుల కోసి తీసెయ్యమను."

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే, దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. ముహూర్తాల పిచ్చి అంటారు, ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులంటారు, ఆ రెండూ నిజమే. కానీ భయం కూడా ఒక కారణమని నాకు ఆ పిల్ల చెప్పింది. ఒంటరిగా పడుకోబెట్టి తిడితే ఎవరైనా కోతే నయం అనుకుంటారు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను కూడా నేను తప్పు పట్టలేను. ఆమె ఒక్కతే, మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఆమెకూ తోడు లేదు.

ఇంటి కాన్పులే మేలని నేను అనడం లేదు సార్. మా అమ్మ కాలంలో మంత్రసాని ఉండేది. దూలానికి తాడు కట్టి పట్టుకోమనేది, గొంతుక్కూర్చోమనేది, నడుము రాసేది, ధైర్యం చెప్పేది. కానీ రక్తం ఆగకపోతే ఆమె చేయగలిగిందేమీ లేదు. అట్లా పోయిన తల్లుల పేర్లు మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే 108, 102 బండ్లు వచ్చాక, అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, 2017లో తల్లీబిడ్డలకు కేసీఆర్ కిట్ వచ్చాక, సర్కారు దవాఖానకు పోదాం రమ్మని ఇంటింటికీ తిరిగి చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. నా మాట నమ్మి వచ్చారు. ఇప్పుడు ఆ నమ్మకం నిలబెట్టమని అడిగే హక్కు నాకుంది.

నేను అడిగేది కొత్తదేం కాదు. కాన్పు సమయంలో గర్భిణి పక్కన ఒక ఆడమనిషిని తోడు ఉండనివ్వవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. కాన్పు గదులను మెరుగుపరచడానికి 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమంలోనూ అది ఉంది. తోడు ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, ఆపరేషన్లు తగ్గుతాయని 17 దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. కాగితం మీద ఉన్నది మా దగ్గర తలుపు దాకా రావడం లేదు, అంతే.

ముందు ప్రతి మంచానికీ ఒక తెర కట్టించండి. దానికి టెండరు కూడా అక్కర్లేదేమో. తెర ఉంటేనే పక్క మంచం ఆమె సిగ్గు పడకుండా ఇంకొక ఆడమనిషి లోపల నిలబడగలుగుతుంది. ఆ తోడు ఎవరో గర్భిణే చెప్పాలి: తల్లి కావచ్చు, అత్త కావచ్చు, వదిన కావచ్చు. ఎవరూ లేకపోతే నన్ను పోనివ్వండి. గుంపు అవుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది అంటారు. ఒక్కరే కదా సార్, శుభ్రమైన గౌను, చెప్పులు ఇవ్వండి. లోపల ఎట్లా ఉండాలో, ఎప్పుడు పక్కకు జరగాలో ప్రతి నెలా 9వ తారీఖున చెకప్‌కు వచ్చినప్పుడు నేనే నేర్పిస్తాను.

రెండోది మిడ్‌వైఫ్‌లు, అంటే కాన్పులు చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సులు. 2017లో కరీంనగర్‌లో మన నర్సులకే 18 నెలల శిక్షణ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది మన రాష్ట్రమే. గర్భిణిని నడిపించడం, కూర్చోబెట్టడం, నడుము రాయడం, ఓపికగా మాట్లాడటం వాళ్లకు వచ్చు. ప్రమాదం ఎప్పుడు వస్తుందో, డాక్టర్ని ఎప్పుడు పిలవాలో కూడా తెలుసు. మా మంత్రసాని దగ్గర ఉన్నదీ, లేనిదీ రెండూ వాళ్ల దగ్గర ఉన్నాయి. దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్ల రాత్రి డ్యూటీకి కూడా వాళ్లు ఉండేట్టు చూడండి. తండాలు, చెంచు పెంటల (చెంచుల గూడేల) నుంచి వచ్చేవాళ్ల భాష తెలిసిన సిస్టర్ ఒక్కరున్నా ఎంతో మేలు.

వచ్చే నెలలో మా దగ్గర ఇద్దరికి డేట్లు ఉన్నాయి. ఒకామెది తొలి చూలు. పోయిన వారమే సీమంతం చేశాం. అప్పటి నుంచి వాళ్లమ్మ నన్ను రెండుసార్లు అడిగింది, "నన్ను లోపలికి రానిస్తరా బిడ్డా" అని. ఆమెకు ఏం చెప్పమంటారు సార్?

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త,
నల్లగొండ జిల్లా