పర్యావరణ ఉపసంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

పర్యావరణానికి మనవల్ల జరిగే హానిని రోజువారీ జీవితంలో తగ్గించుకునే మార్గాలు చూడమని గత సర్వసభ్య సమావేశం ఈ ఉపసంఘాన్ని కోరింది. ఏడాదిలో చేసిన పనులతో పాటు, ఎటూ తేల్చుకోలేక ఆపినవాటినీ ఇక్కడ నివేదిస్తున్నాం.

ఇంటింటికీ కొత్త గుడ్డ సంచులు పంచాలన్నది మా మొదటి ఆలోచన. దాన్ని విరమించుకున్నాం. బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కంటే వాతావరణానికి తక్కువ భారం కావాలంటే ఒక నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలి. డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో నీరు, ఓజోన్ పొర వంటి ఇతర అంశాలనూ కలిపి లెక్కగట్టగా ఆ సంఖ్య వేలల్లోకి వెళ్లింది. కాలువల్లోకి, సముద్రంలోకి చేరే ప్లాస్టిక్ చేసే హాని ఈ లెక్కల్లో లేదు కనుక, ప్లాస్టిక్ సంచే మేలని దీనికి అర్థం కాదు. ఇప్పటికే ప్రతి ఇంట్లోనూ సంచులు పేరుకుపోయి ఉండగా మరికొన్ని కుట్టించడం మాత్రం అనవసరమని తేలింది. అందుకే సభ్యుల దగ్గర అదనంగా ఉన్న సంచులను సేకరించి గేటు దగ్గర వేలాడదీశాం. అవసరమైనవారు తీసుకువెళ్లి మళ్లీ అక్కడే పెట్టాలన్నది ఏర్పాటు. తీసుకువెళ్లడంలో ఉన్న ఉత్సాహం తిరిగి పెట్టడంలో ఇంకా కనబడటం లేదు.

తడి చెత్తను గుంటలో వేసి ఎరువు చేసే పని ఏడాదంతా సాగింది. మొదట్లో దుర్వాసన వస్తోందని వచ్చిన ఫిర్యాదులు న్యాయమైనవే. తేమ ఎక్కువై గాలి ఆడకపోవడం, ఎండుటాకుల వంటి కార్బన్ పదార్థం చాలకపోవడం అందుకు కారణాలు. నత్రజని ఒక పాలుంటే కార్బన్ 25 నుంచి 30 పాళ్లు ఉండాలి కనుక, ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు కలిపి తరచూ తిరగవేయడం మొదలుపెట్టాక వాసన తగ్గింది. ఇదే చెత్త డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వెలువడుతుంది; వందేళ్ల కాలానికి లెక్కిస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. 'కంపోస్టు అవుతుంది' అని ముద్రించిన కప్పులను మాత్రం దయచేసి గుంటలో వేయవద్దు. వాటిలో చాలావాటికి రోజుల తరబడి 60 డిగ్రీలకు దగ్గరి వేడి కావాలి, మన గుంటలో అంత వేడి నిలవదు. ఎరువు అవుతుంది కదా అని ఆహారం పారేయడం తేలికైపోయిందని ఒక సభ్యురాలు అన్న మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా కాగా, అందులో 60 శాతం ఇళ్లలో జరిగిందే.

పొడి చెత్త విషయంలో సభ్యుల అసంతృప్తి మాకు తెలుసు. మనం విడదీసి ఇచ్చినదాన్ని బండిలో మళ్లీ కలిపేస్తుంటే ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. సంబంధిత కార్యాలయానికి లేఖ రాశాం. ఈలోగా కాగితం, లోహం, త్రికోణం గుర్తులో 1 లేదా 2 అంకె ఉన్న ప్లాస్టిక్‌ను నేరుగా పాత సామాను కొనేవారికి అప్పగిస్తున్నాం. త్రికోణంలోని అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెబుతుంది, అది తప్పక రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. 2015 నాటికి ప్రపంచంలో పోగుపడిన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయినది సుమారు 9 శాతమే.

సంఘం సమావేశాల్లో వాడి పారేసే పళ్లేలు మానేశాం. మరమ్మతు శిబిరాలకు ఆదరణ బాగుంది.

తేలనిది పాత ఫ్రిజ్‌ల సంగతి. ఉన్న వస్తువునే వీలైనంత కాలం వాడాలన్న సూత్రం ఫోన్లకు సరిపోతుంది, ఎందుకంటే పర్యావరణంపై వాటి భారంలో అధిక భాగం తయారీలోనే ఉంది. ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు కరెంటు తీసుకునే ఫ్రిజ్‌కు అదే సూత్రం వర్తించకపోవచ్చు. అలాగని మార్చేయడమూ సులువు కాదు: పాత ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లదనం కోసం నింపిన 134ఏ అనే వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది, పడేసేటప్పుడు గొట్టం కోస్తే అదంతా గాలిలో కలుస్తుంది. పాతదాన్ని రెండో ఫ్రిజ్‌గా ఇంట్లోనే ఉంచుకుంటే కరెంటు ఆదా కూడా మిగలదు. సభ్యులందరూ కలిసి ఒకేసారి కొత్తవి కొనాలన్న ప్రతిపాదనపై ఉపసంఘంలో ఏకాభిప్రాయం కుదరలేదు. వాయువును సురక్షితంగా బయటికి తీసి అప్పగించే నిపుణుడు దొరికితేనే ముందుకు వెళ్లాలన్న షరతుతో, ఈ ప్రతిపాదనను రాబోయే సర్వసభ్య సమావేశంలో ఓటింగుకు పెడుతున్నాం. జమాఖర్చుల పట్టిక కోశాధికారి నివేదికలో ఉంది.

ఇట్లు,
పర్యావరణ ఉపసంఘం