బ్యాకప్ రిజిస్టరులో ఇంకో గడి గీయించండి

సంపాదకులకు నమస్కారం.

"సర్వర్ డౌన్, రేపు రండి" అనే మాట ఆఫీసు కిటికీ దగ్గర విననివాళ్లు మనలో ఎవరూ ఉండరు. రేపు వెళ్తే ఒక్కోసారి ఇంకో మాట ఎదురవుతుంది, "డేటా పోయిందండీ, కాగితాలన్నీ మళ్లీ తెచ్చుకోండి" అని. నా ఉత్తరం ఆ రెండో మాట గురించే. పద్నాలుగేళ్లుగా తెనాలిలో కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాను కాబట్టి కిటికీ లోపలివైపు సంగతులు కూడా కాస్త తెలుసు.

పోయిన వానాకాలం ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, అక్కడి ఆపరేటర్ మంచివాడు, పాపం. రాత్రి ఉరుములకి కరెంటు వచ్చీ పోయీ, సర్వర్‌గా వాడుతున్న సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ కాలిపోయింది. టెన్షన్ ఏమీ లేదు, రోజూ బ్యాకప్ (ఫైళ్లకి ఇంకో కాపీ) తీస్తున్నాం అని రిజిస్టర్ తెచ్చి చూపించారు. నిజమే, ప్రతి పనిరోజుకీ తేదీ, పక్కన సంతకం, ఒక్కటీ తప్పలేదు. బీరువాలోంచి ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసి పెట్టి చూస్తే తేదీల పేర్లతో ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. ఒకటి తెరిచాను. లోపల ఒకే ఫైలు, బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు, సైజు 2 కేబీ. ఇంకోటి తెరిచినా అదే. ఎనిమిది నెలలుగా డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ని కాపీ చేస్తున్నారు! పాసుపుస్తకం బదులు, అది ఏ పెట్టెలో ఉందో రాసిన చీటీని రోజూ తీసుకెళ్లి లాకర్లో పెట్టినట్టు. సంతకం పెట్టిన అధికారి ఆ ఎనిమిది నెలల్లో ఒక్క ఫోల్డరైనా తెరిచి చూడలేదు.

అదృష్టం కొద్దీ, పాత ఆపరేటర్ మానేసే ముందు తీసిన అసలు కాపీ ఒకటి అడుగున దొరికింది. అది ఎక్కించాక మొదలైంది అసలు తిప్పలు. ఒంటరి సిస్టమ్‌లోకి ఫైళ్లు తిరిగి వేయడం ఒకటి, నెట్‌వర్క్‌లో ఉన్న దాంట్లోకి వేయడం ఇంకొకటి. మిగతా ఆరు సిస్టమ్‌లూ పాత సర్వర్‌ని దాని పేరుతోనే వెతుకుతాయి, కొత్తదానికి వేరే పేరు ఉంటే ఒక్కదానికీ ఫోల్డర్ దొరకదు. పేరు సరిచేస్తే "యాక్సెస్ డినైడ్". ఫైళ్లయితే వచ్చాయి గానీ ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అనే పర్మిషన్లు వాటితో రాలేదు, మామూలు కాపీ పేస్ట్‌తో అవి రావు. విసిగిపోయి "అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్యవయ్యా" అన్నారు పెద్దాయన. చాలాచోట్ల అలాగే ఇచ్చేస్తారు, ఆ రోజు నుంచి ఎవరైనా ఏ ఫైలైనా చెరిపెయ్యొచ్చు. పాత తెలుగు ఉత్తరాలు తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. అవి ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు కనబడేలా చేసే యూనికోడ్ రాకముందు పద్ధతిలో, "అను" అనే పేరున్న ఫాంట్లతో కొట్టినవి, కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంట్లు లేవు, వాటి సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఈ గొడవల మధ్య ఒకమ్మాయి మూడు రోజులు కూర్చుని కాగితాలు చూసి మళ్లీ ఎంటర్ చేసిన ఫైలు మీద, ఇంకొకాయన పాత కాపీ పెట్టి "రీప్లేస్" నొక్కేశాడు. ముందు వేరే ఫోల్డర్లోకి దించుకుని, తెరిచి చూసుకుని, తర్వాత కదా కలపాలి! ఆ అమ్మాయి ఏమీ అనలేదు, బ్యాగ్ తీసుకుని వెళ్లిపోయింది.

చిన్న ఊరి ఆఫీసు సంగతిలే అనుకోవద్దు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగి, ఐదు సర్వర్లలో సుమారు 1.3 టీబీ (టీబీ అంటే దాదాపు వెయ్యి జీబీ) డేటాకి తాళం పడిందని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. దాడి తగలని బ్యాకప్ సర్వర్ ఒకటి ఉండబట్టి ఈ-హాస్పిటల్ అనే ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ డేటా మొత్తం కొత్త సర్వర్లలోకి తేగలిగారు. అంత మంచి బ్యాకప్ ఉండి కూడా రిజిస్ట్రేషన్లు, అడ్మిషన్లు మళ్లీ కంప్యూటర్ మీదికి రావడానికి రెండు వారాలు పట్టింది, అన్నాళ్లూ చేత్తో రాసుకున్నారు. ఎందుకంటే నెట్‌వర్క్‌లో ఒక్క సిస్టమ్‌లో ఆ వైరస్ మిగిలినా తెచ్చి పెట్టిన డేటా మళ్లీ పోతుంది, ముందు అన్నిటినీ కడగాలి. మరి బ్యాకప్ డిస్క్‌ని ఇరవై నాలుగ్గంటలూ సర్వర్‌కే గుచ్చి ఉంచే ఆఫీసులు మన దగ్గర ఎన్ని లేవు? దాడి జరిగితే అసలూ నకలూ ఒకేసారి పోతాయి.

దక్షిణ కొరియాలో ఇంకా ఘోరం. 2025 సెప్టెంబరు 26న దేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టీబీ బూడిదైంది. సైజు మరీ పెద్దదని బయట ఇంకో కాపీ ఉంచలేదట. మీ సిస్టమ్‌లో కాదు, ఇందులోనే దాచండి అని ఉద్యోగులకు చెప్పింది కూడా ప్రభుత్వమే.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు, టెండరూ అక్కర్లేదు. బ్యాకప్ రిజిస్టరులో ఇంకో గడి గీయండి. మూడు నెలలకోసారి, మూలన పడి ఉన్న ఏదో ఒక పాత సిస్టమ్‌లోకి బ్యాకప్ ఎక్కించి, పక్క సీటు సిస్టమ్ నుంచి ఒక ఫైలు తెరిచి, ఏ ఫైలు, ఎంతసేపు పట్టింది అని రాసి, అధికారి తన కళ్లతో చూసి సంతకం పెట్టాలి. పాస్‌వర్డ్‌లు ఒక కవర్లో సీలు వేసి బీరువాలో ఉంచాలి, ఎందుకంటే ఆపరేటర్ కాంట్రాక్టు మనిషి, ఏ మార్చిలో ఎటు పోతాడో అతనికే తెలీదు. ఆస్పత్రులు, కాలేజీలు, సొసైటీలు కూడా ఇలా చేయొచ్చు, ఎవరూ జీవో ఇచ్చేదాకా ఆగక్కర్లేదు.

మీ విలేకరులకి కూడా ఒక మనవి. ఈసారి "సర్వర్ మొరాయింపు, జనం పడిగాపులు" అని వార్త రాసేటప్పుడు అక్కడి అధికారిని, బ్యాకప్‌ని చివరిసారి రీస్టోర్ చేసి (తిరిగి ఎక్కించి) చూసింది ఎప్పుడండీ అని అడిగి, ఆయన చెప్పిన తేదీ కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి