నెట్‌వర్క్ చేరని చోటి నుంచే మొదలుపెట్టండి: కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. టెలికాం మౌలిక సదుపాయాలకు మీ శాఖ కేటాయించే ప్రతి రూపాయీ దేశపు ఉత్పత్తి శక్తిని పెంచే పెట్టుబడి అని, ఆ డబ్బు ఇంకా నెట్‌వర్క్ అందని ప్రాంతాలకే ముందుగా వెళ్లాలని విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఫోన్ల వల్ల దేశాలు సంపన్నమయ్యాయా, సంపన్నమయ్యాక ఫోన్లు కొనుక్కున్నాయా అని ఆర్థిక శాఖ వారు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. ఆర్థికవేత్తలు లార్స్-హెండ్రిక్ రోలర్, లెనార్డ్ వేవర్‌మన్ ప్రధానంగా సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీలోని 21 దేశాల 1970 నుంచి 1990 వరకు లెక్కలు తీసుకొని, ఈ రెండు ప్రభావాలనూ విడదీసి చూశారు. 2001లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం ఆ దేశాల వృద్ధిలో దాదాపు మూడో వంతు టెలికాం విస్తరణ వల్ల వచ్చింది. ఆ అంచనా కాస్త ఎక్కువేమోనని నాకూ అనిపిస్తుంది. అయితే అందులోనే మరో ఫలితం ఉంది, నా దృష్టిలో అదే కీలకం: ఫోన్ లైన్లు 100 మందికి దాదాపు 40కి, అంటే ఇంచుమించు ఇంటింటికీ ఫోన్ ఉన్న స్థాయికి, చేరాకే వృద్ధిపై ప్రభావం బలంగా కనిపించింది. నెట్‌వర్క్‌లో కొత్తగా ఒకరు చేరితే, అప్పటికే ఉన్న ప్రతి ఒక్కరికీ అది మరికాస్త ఉపయోగపడుతుంది. కనుక సగంలో ఆగిన నెట్‌వర్క్ సగం ఫలితం కూడా ఇవ్వదు.

ఈ లాభం ఎక్కడ పుడుతుందో కేరళ తీరంలో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ చేసిన అధ్యయనం చూపింది. అక్కడికి 1997, 2001 మధ్య మొబైల్ సేవలు దశలవారీగా వచ్చాయి. అంతకు ముందు ఒక రేవులో కొనేవారు లేక సార్డీన్ చేపలను పారబోస్తుంటే, అదే పూట కొద్ది దూరంలోని మరో రేవులో సరుకు దొరక్క కొనుగోలుదారులు వెనుదిరిగేవారు. సముద్రంలో ఉండగానే ధర కనుక్కొని పడవ తిప్పుకునే వీలు కలగడంతో ఆ వృథా దాదాపు ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, వినియోగదారులకు ధర 4 శాతం తగ్గింది. చేపలేవీ అదనంగా పడలేదు, పారబోసేవి అమ్ముడుపోయాయి, అంతే.

ఇలాంటి లాభం టెలికాం సంస్థల ఆదాయ పట్టికలో కనిపించదు. అందుకే జనం పలచగా ఉన్న చోట టవర్ వేయడానికి అవి వెనుకాడతాయి, ప్రభుత్వం ముందుకు రావలసిందీ అక్కడే. మారుమూల ప్రాంతాలకు సేవలు చేర్చడానికి టెలికాం సంస్థల నుంచి సార్వత్రిక సేవా నిధి కింద వసూలైన సొమ్ము చాలా దేశాల్లో ఖర్చుకాక మూలుగుతోంది, అలా జరగనివ్వకండి. ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే ఫైబర్ కేబుల్ వేయడంలో కేబుల్ ధర కన్నా తవ్వకానికే ఎక్కువ ఖర్చవుతుంది గనుక, రోడ్డో నీటి పైపులైనో వేసేటప్పుడే కేబుల్‌కు గొట్టం కూడా పరచాలని నిబంధన తీసుకురండి.

మరొక్క విన్నపం. ఎన్ని కిలోమీటర్ల కేబుల్ పరిచారన్న లెక్కతో పాటు, ఎన్ని కనెక్షన్లు పనిచేస్తున్నాయో, నెలలో ఎన్ని గంటలు సేవ నిలిచిపోయిందో ప్రాంతాలవారీగా ప్రచురించండి. వచ్చే బడ్జెట్ కేటాయింపులు ఆ పట్టికలో అట్టడుగున ఉన్న ప్రాంతంతో మొదలు కావాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు