కాలీఫ్లవర్ ఫొటోలకు తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

పెద్ద గుత్తి ఆకారమే దానిలోని చిన్న గుత్తిలోనూ, అందులోని మొగ్గలోనూ మళ్లీ మళ్లీ కనిపించే తీరును కాలీఫ్లవర్‌లో అతి దగ్గరగా ఫొటోలు తీయాలన్న నా చిరకాల కోరిక ఈ చలికాలంలో నెరవేరింది. ఇందుకు సాయపడిన వారు తమ పేర్లు రాయవద్దని కోరినందున, వారు చేసిన మేలునే ఇక్కడ తలచుకుంటున్నాను.

విజయవాడ పటమట రైతుబజారులో కూరగాయలమ్మే అక్కగారు, తెల్లవారుజామున సరుకు దిగగానే, ఆకులు ఒలవని గట్టి పువ్వును ఏరి నా కోసం పక్కన పెట్టేవారు. నాలుగు చేతులు మారిన పువ్వు మీద ఒరిపిడికి గోధుమరంగు మచ్చలు పడతాయి. మామూలుగా కంటికి ఆనని ఆ మచ్చలు, అతి దగ్గరి నుంచి ఫొటోలు తీసే మాక్రో లెన్సులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆమె ఇచ్చిన పువ్వుల్లో ఒక్క మచ్చ కూడా లేదు.

గవర్నరుపేటలో ఏళ్ల తరబడి స్టూడియో నడిపిన పెద్దాయన తన మాక్రో లెన్సును నా చేతికివ్వడమే కాక, దగ్గర కూర్చుని పని నేర్పారు. వస్తువు అసలు పరిమాణంలోనే కెమెరాలో బొమ్మను పట్టే సెన్సరు మీద పడేంత దగ్గరకు వెళ్లినప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది కనుక, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, వాటిని కంప్యూటర్‌లో ఒకటిగా కలపాలి. ఎదురుగా వెలుతురు పడితే తెల్లటి పువ్వు చప్పిడిగా కనిపిస్తుందని, ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టి దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా వేయించారు. అప్పుడు గసగసాలంత మొగ్గలు కూడా వేటి నీడను అవి పట్టుకుని, సుడులు తిరుగుతూ వరుసలుగా తేలాయి. ఆ వరుసలను ఒక వైపు నుంచి లెక్కపెడితే ఒక సంఖ్య, రెండో వైపు నుంచి లెక్కపెడితే మరొకటి వస్తుంది. సాధారణంగా అవి 5, 8, 13 వంటి ఫిబొనాచీ సంఖ్యలే, అంటే ముందున్న రెండింటిని కూడితే తర్వాతిది వచ్చే వరుసలోని సంఖ్యలే.

ఇలా ఎందుకు పెరుగుతుందో ఓపికగా చెప్పినవారు గుంటూరులో వృక్షశాస్త్రం బోధించే మేడమ్ గారు. పువ్వు కావలసిన మొగ్గ పువ్వు కాలేక కాండంగా మారుతుందని, ఆ కాండం మీది మొగ్గలదీ అదే దారి అని, ఫ్రాన్స్ శాస్త్రవేత్తల బృందం 2021లో సైన్స్ పత్రికలో వివరించిన సంగతి వారి వల్లనే తెలిసింది. మొత్తం ఆకారమే చిన్న భాగాల్లోనూ మళ్లీ మళ్లీ కనిపించే, గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అని పేరు పెట్టిన ఆకృతి, మనం రోజూ వంటింట్లో తరిగే కూరగాయలో ఇంత నిండుగా ఉందని తెలిశాక నా ఆనందానికి అవధులు లేవు.

ముగ్గురికీ హృదయపూర్వక నమస్కారాలు. ఈ ఫొటోలను పాఠాలు చెప్పే ఉపాధ్యాయులెవరైనా నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. అడిగినవారికి పూర్తి పరిమాణంలో పంపుతాను.