సంఘ సహవాసం వార్షిక నివేదిక – 2025

అధ్యక్షులు అయ్యగారికి, కమిటీ పెద్దలకు, సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు. గత సర్వసభ్య సమావేశం తర్వాత జరిగిన పనిని మీ ముందు ఉంచుతున్నాను.

ఈస్టర్‌కు ముందు ఉపవాస ప్రార్థనల కాలమైన శ్రమకాలం మార్చి 5న బూడిద బుధవారంతో మొదలైంది. ఆ శుక్రవారమే ప్రపంచ ప్రార్థనా దినం. కుక్ దీవుల స్త్రీలు 139వ కీర్తన ఆధారంగా తయారుచేసిన ఆరాధన క్రమాన్ని మన స్త్రీల మైత్రి సభ్యులే మొదటి నుంచి చివరి వరకు నడిపించారు. వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఆదివారాలు కాక మిగిలిన 40 రోజులూ ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన జరిగింది. ఇళ్లు తెరిచిన కుటుంబాలన్నిటికీ వందనాలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఏప్రిల్ 18 శుభ శుక్రవారం ఆరాధన. ఇదివరకు బయటి ప్రసంగీకులను పిలిచేవాళ్లం. ఈసారి సిలువపై యేసు పలికిన ఏడు మాటలనూ మన సంఘస్థులు ఏడుగురే ధ్యానించారు. ఎవరికి ఏ మాట అన్నది శ్రమకాలం మొదట్లోనే చీటీలు వేసి పంచాం. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎవరూ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. యేసు తన తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట స్త్రీల మైత్రిలో ఒక పెద్దావిడకు వచ్చింది. ఎన్నడూ మైకు ముందు నిలబడని మనిషి. రాసుకొచ్చిన కాగితంలో రెండు వాక్యాలు చదివి, మడిచి బైబిల్లో పెట్టేసి, కొడుకు పోయాక తనను సొంత తల్లిలా చూసుకుంటున్న పక్కింటివాళ్ల గురించి చెప్పారు. ఆ కుటుంబం రెండో వరసలోనే కూర్చుని ఉంది. ఏ ప్రసంగీకుడూ ఆ మాటను మనకు అంత దగ్గరగా తేలేదని నా అభిప్రాయం.

తూర్పు, పడమటి సంఘాలు ఈస్టర్ తేదీని వేరువేరుగా లెక్కిస్తాయి. 2025లో మాత్రం రెండింటికీ ఏప్రిల్ 20నే వచ్చింది. పైగా సంఘ పెద్దలు కూడి విశ్వాస ప్రమాణాన్ని రాసిన నైసీయ సభ జరిగి 1700 ఏళ్లు నిండిన సంవత్సరం. ఆ తెల్లవారుజామున సండే స్కూల్ పిల్లలు నైసీయ విశ్వాస ప్రమాణాన్ని చూడకుండా చెప్పారు. నేర్పిన టీచర్ల ఓపికకు ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే.

ఇక బాధగా ఉన్నా చెప్పాల్సిన సంగతి. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ అయిన జూన్ 8 పెంతెకొస్తు నుంచి, క్రిస్మస్‌కు సిద్ధపడే కాలం మొదలయ్యే నవంబర్ 30 మొదటి ఆగమన ఆదివారం వరకు 25 వారాలు, అంటే దాదాపు అర సంవత్సరం. రోగుల్ని పరామర్శించడం, ఒంటరివాళ్ల ఇళ్లకు వెళ్లడం అప్పుడే ఎక్కువ. సహవాసం అంటే ముందు అది, పండుగలు ఆ తర్వాత. కమిటీ జాబితాలో పేర్లు నిండుగా ఉన్నాయి, బయలుదేరేది మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. క్రిస్మస్ స్టేజీ ఎక్కడానికి ముందుకొచ్చిన యవనస్థులు మర్నాడు కుర్చీలు సర్దడానికి కనబడలేదు. క్యారల్స్ ఊరేగింపు అనుమతి కాగితాన్ని సంబంధిత కార్యాలయం ఆఖరి సాయంత్రం దాకా నానబెట్టింది. ఆ టెన్షన్ అంతా ఇద్దరు పెద్దలే మోశారు. ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు కూడా లేరు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, బాకీలు లేవు. వివరాలు కోశాధికారిగారు చదువుతారు.

గాయక బృందానికి, లైట్లు, మైకులు చూసుకున్నవారికి, ప్రతి ఆరాధనకూ అందరికన్నా ముందు వచ్చి తలుపులు తీసే పరిచారకునికి, అన్నిటా వెన్నంటి ఉన్న అయ్యగారికి, అమ్మగారికి కృతజ్ఞతలు.

2026లో బూడిద బుధవారం ఫిబ్రవరి 18నే వస్తోంది, పోయినసారికన్నా 15 రోజులు ముందు. అందుకని ఏడు మాటల చీటీలు ఈ సమావేశంలోనే వేస్తాం. పరామర్శల పట్టిక ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. వారానికి ఇద్దరు చొప్పున పేర్లు రాయాలి. కమిటీ సభ్యులు ముందుగా రాయాలని కోరుతున్నాను.

ప్రభువు సేవలో,
కార్యదర్శి